ఒక్క ‘అట’ కోసం

నాకు తెలుగు గడగడా చదవడం వచ్చింది బళ్లో కాదు, తెనాలి మోరిస్‌పేటలో మా సందు చివర ఉన్న సెలూన్‌లో. 1984, 85 ప్రాంతం అనుకుంటా. ఆదివారం పొద్దున్నే నాన్న నన్ను అక్కడ కూర్చోబెట్టి, “వీడికి బాగా పొట్టిగా కొట్టెయ్ బాబాయ్, మళ్లీ రెండు నెల్ల దాకా రాకూడదు” అని చెప్పి కూరగాయల బజారుకి వెళ్లిపోయేవాడు. నా వంతు వచ్చేసరికి గంటా గంటన్నర పట్టేది. బల్ల మీద సితార, జ్యోతిచిత్ర పాత సంచికలు ఉండేవి, అట్టలు ఊడిపోయి, మూలలు నూనె చేతులకి నల్లబడి. మధ్య పేజీ మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండేది కాదు. మధ్య పేజీ అంటే రంగుల బ్లోఅప్, దాని చోటు గోడ మీద, అద్దం పక్కన.

గడ్డం గీయించుకునేవాడు తల వెనక్కి వాల్చి కప్పు వంక చూస్తూ కూర్చోవాలి కదా, పుస్తకం చదువుకోలేడు. అలా నాకు ఉద్యోగం దొరికింది. “ఒరే అబ్బాయ్, ఆ గుసగుసల పేజీ తియ్యి, గట్టిగా చదువు” అనేవాడు సెలూన్ బాబాయ్. నేను చదివేవాణ్ణి. ఈమధ్య వరసగా రెండు హిట్లు కొట్టిన ఓ పొడుగాటి హీరో, బెంగుళూరు నుంచి దిగిన ఓ సన్నజాజితో, ఊటీలో షూటింగ్ అయిపోయాక కూడా రెండు రోజులు ఉండిపోయాడట. ఇలాంటివి. అంతే, కత్తి గొంతు దగ్గర ఆగిపోయేది. సగం గడ్డానికి నురగతో ఉన్నాయన కూడా లేచి కూర్చుని, పొడుగంటే ఎవరు, బెంగుళూరంటే ఎవరు అని లెక్కలు మొదలెట్టేవాడు. బెంచీ మీద ఉన్న నలుగురూ నాలుగు పేర్లు చెప్పేవాళ్లు. ఒకాయన, ఊళ్లో ఏదో ఆఫీసులో గుమాస్తా, ఎప్పుడూ అందరికంటే ఎక్కువ తెలిసినట్టు నవ్వి ఊరుకునేవాడు, పేరు చెప్పేవాడు కాదు. ఆయనకీ ఏమీ తెలీదని నాకు చాలా ఏళ్లకి గానీ అర్థం కాలేదు.

మా ఊళ్లో ఇదంతా కాస్త ఎక్కువే. కృష్ణగారిది పక్కనే బుర్రిపాలెం, జగ్గయ్యగారిది మోరంపూడి, శారదగారు మా తెనాలే. మాకు సినిమావాళ్లు అంటే తెర మీద బొమ్మలు కాదు, ఉత్తరాలు రాయని దూరపు చుట్టాల్లాంటివాళ్లు. కృష్ణగారి మీద ఏదైనా తేడాగా వస్తే ఆ పేజీ సెలూన్‌లో మధ్యాహ్నం దాకా ఉండేది కాదు, ఎవరో ఒకరు చింపేసి జేబులో పెట్టుకుని పోయేవాళ్లు. మిగతా హీరోల మీద వచ్చినవి మాత్రం నెలల తరబడి ఉండేవి.

మా అమ్మమ్మది ఇంకో రకం. ఎన్టీఆర్ రాజకీయాల్లోకి రాకముందు ఆంధ్రా నుంచి తిరుపతి వెళ్లిన బస్సులు అటునుంచి అటే మద్రాసు వెళ్లేవి, టి.నగర్‌లో బజుల్లా రోడ్డులో ఆయన ఇంటి ముందు ఆగేవి. యాత్రలో అది కూడా ఒక క్షేత్రమే. అమ్మమ్మ కూడా అలా వెళ్లొచ్చింది, అప్పుడే తీయించుకున్న గుండుతో, కొంగు నెత్తిమీద కప్పుకుని, ఇంకో నలభై గుండ్ల మధ్య నిలబడి. ఆయన తెల్లటి పంచెలో బయటికి వచ్చి చేతులు జోడించాడట. అమ్మమ్మ ఆ కథ చెప్పిన ప్రతిసారీ చివర్లో ఒక్కటే మాట, కొంచెం నిరాశగా: “ఎర్రగా, దబ్బపండులా ఉన్నాడే. కేలండర్లో నీలంగా ఉంటాడు గదా!” ఇంట్లో పూజగదిలో ఉన్న కృష్ణుడు కూడా ఎన్టీఆరే లెండి, ఆ కేలండర్ చిరిగిపోయినా తీయనివ్వలేదు. మద్రాసులో చూసిన మనిషికీ ఈ కేలండర్‌కీ మధ్య తేడా వస్తే ఆవిడ కేలండర్‌నే నమ్మింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1996లో డిగ్రీ అయిపోయి, ఏ ఉద్యోగమూ లేక, తెలిసినాయన ద్వారా హైదరాబాదులో ఒక సినిమా వారపత్రికలో చేరాను. పేరెందుకులెండి. కృష్ణానగర్‌లో ముగ్గురం కలిసి ఒక గది, మిగతా ఇద్దరూ వేషాల కోసం తిరిగేవాళ్లు, అద్దె మాత్రం ఎక్కువసార్లు నేనే కట్టేవాణ్ణి. ఇంటికి ఉత్తరం రాస్తే నాన్న ఆ ఉత్తరం తీసుకెళ్లి సెలూన్‌లో చదివి వినిపించాడట. ‘మనవాడే రాస్తున్నాడు’ అని బాబాయ్ మా పత్రిక వేయించుకోవడం కూడా మొదలెట్టాడు.

అక్కడ నాకు ఇచ్చిన మొదటి పని పాఠకుల ప్రశ్నలు-జవాబులు. ఉత్తరాలు సంచులకొద్దీ వచ్చేవి, ఆ మాట నిజం. కానీ విప్పి చూస్తే ఎనభై శాతం ఒకటే గోల: ఫలానా హీరో అడ్రసు పంపండి, ఫలానా హీరోయిన్‌కి పెళ్లయిందా, నేను బాగా డాన్స్ చేస్తాను ఛాన్స్ ఇప్పించండి. వాటితో పేజీ నడవదు. అందుకని ప్రశ్నలూ మేమే రాసుకునేవాళ్లం, పాలకొల్లు నుంచి ఒకరు, మిర్యాలగూడ నుంచి ఒకరు, జిల్లాలన్నీ సమానంగా వచ్చేలా చూసుకుని. ఇంటర్వ్యూల సంగతి ఇంకా బావుంటుంది. బొంబాయి నుంచి వచ్చిన హీరోయిన్ షాట్‌కీ షాట్‌కీ మధ్య పది నిమిషాలు కూర్చునేది, హిందీలో నాలుగు ముక్కలు చెప్పేది, పక్కన పీఆర్వో వాటిని ఎనిమిది చేసి తెలుగులో చెప్పేవాడు, నేను ఆఫీసుకొచ్చి పదహారు చేసేవాణ్ణి. ఆవకాయంటే ప్రాణం అనీ, తెలుగువాళ్ల మర్యాద ఎక్కడా చూడలేదనీ, నంబర్ గేమ్ మీద నమ్మకం లేదనీ, మంచి కథ వస్తే చాలనీ. ఆవకాయ ప్రాణం అయిన అమ్మాయిలు నా చేతిమీదుగానే ఆరేడుగురు ఉంటారు. వాళ్లెవరూ ఆ పుస్తకం చదవలేరు కాబట్టి ఎవరూ కాదనలేదు.

మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవాడు, మద్రాసులో పాతికేళ్లు చేసి పరిశ్రమతో పాటే హైదరాబాదు వచ్చేసినాయన. గుసగుసల పేజీ నా చేతికి ఇచ్చిన రోజు కూర్చోబెట్టి లక్ష్మీకాంతన్ కథ చెప్పాడు. నేను అప్పటిదాకా వినలేదు. యుద్ధం రోజుల్లో మద్రాసులో తమిళ పత్రిక నడిపేవాడు, సినిమావాళ్ల పడగ్గది సంగతులే సరుకు. కొందరు డబ్బిచ్చి నోరు మూయించేవాళ్లట. తారలంతా కలిసి ప్రభుత్వానికి చెప్పుకుంటే ‘సినిమా తూదు’ అనే పత్రికకి లైసెన్సు పోయింది, ‘హిందూ నేశన్’ అని ఇంకోటి పట్టుకుని మళ్లీ అదే పని. 1944 నవంబరు 8న వేపేరిలో రిక్షాలో వెళ్తుంటే పొడిచారు, మర్నాడు ఆస్పత్రిలో పోయాడు. అప్పట్లో దక్షిణాదిన ఆయన్ని మించిన స్టార్ లేడనదగ్గ త్యాగరాజ భాగవతార్‌నీ, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్‌నీ, పక్షిరాజా స్టూడియో శ్రీరాములు నాయుడినీ అరెస్టు చేశారు. తర్వాత మన ఎన్టీఆర్‌తో ‘అగ్గిరాముడు’ తీసిన నాయుడుగారే. ఆయన్ని వదిలేశారు, మిగతా ఇద్దరికీ యావజ్జీవ శిక్ష పడింది. కేసు లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ అనే అప్పటి ఆఖరి కోర్టు దాకా వెళ్లి, మళ్లీ మద్రాసు హైకోర్టుకే వచ్చి, 1947లో విడుదలయ్యారు. చంపిందెవరో ఇప్పటికీ తేలలేదు.

“భాగవతార్ సినిమా ‘హరిదాసు’ ఆ దీపావళికే రిలీజైంది నాన్నా,” అన్నాడు పెద్దాయన, “బ్రాడ్వే టాకీసులో మూడు దీపావళులు ఆడింది. హీరో మాత్రం తర్వాతి రెండు దీపావళులూ జైల్లో ఉన్నాడు.” బయటికొచ్చాక భాగవతార్ సినిమాలు ఆడలేదు, 1959లో పోయాడు. కృష్ణన్ మాత్రం మళ్లీ నిలదొక్కుకున్నాడు. ఇదంతా విని, ఇక ఏదో గొప్ప నీతి చెప్తాడేమో అని చూస్తున్నా. కళ్లజోడు తుడుచుకుని ఆయన చెప్పింది ఇదీ: “అందుకని ఎప్పుడూ పేరు రాయకు. ‘ఓ’ అని మొదలెట్టు, ‘అట’ అని ముగించు. ఉండిపోయాడు అని రాస్తే నువ్వు సాక్షివి, కోర్టుకెళ్లాలి. ఉండిపోయాడట అంటే ఎవరో అన్నారు, నీకు వినపడింది, అంతే.”

నిజంగానే ఆ రెండక్షరాలు అక్కర తీర్చేవి. తెలుగులో తప్ప ఇంత చవగ్గా దొరకదేమో ఈ సౌకర్యం. నేను దాంట్లో ఆరితేరాను, అబద్ధమెందుకు, ఆ పేజీ రాయడం నాకు చాలా సరదాగా ఉండేది. రాస్తున్నంతసేపూ నాకు ఆ సెలూన్ బెంచీ కనపడేది, గుమాస్తాగారి నవ్వు కనపడేది.

చేరిన కొత్తలోనే, సెప్టెంబరు 23న, సిల్క్ స్మిత చనిపోయింది. సిల్క్ అన్న పేరు 1980లో ‘వండిచక్రం’ అనే తమిళ సినిమాలో పాత్రది, మనిషి మాత్రం ఏలూరు దగ్గర కొవ్వలి అమ్మాయి, విజయలక్ష్మి. వయసు 35. మధ్యాహ్నానికి వార్త వచ్చింది, ఆ వారం సంచికలో రెండు పేజీలు ఆవిడకి వేద్దామన్నారు. నేను నివాళి రాయాలి, ఫోటోలు తీయాలి. మా ఆఫీసులో ఆవిడ స్టిల్స్ ఒక పెద్ద బీరువా అర నిండా ఉన్నాయి, పేరు రాసిన కవర్లే నాలుగు. ఎడిటర్ ఒకటే అన్నాడు, చనిపోయిన మనిషి గదా, నిండుగా చీర కట్టుకుని ఉన్నది ఒక్కటి తియ్యి, మొదటి పేజీకి. ఫ్యాను కింద నేల మీద పరుచుకుని కూర్చున్నాను. ఒక్కొక్కటీ తీసి పక్కన పెడుతున్నా. నాలుగు కవర్లయ్యాయి. దొరకలేదు. పదిహేనేళ్లుగా మేం దాచుకున్నదంతా ఒకటే రకం, మిగతావి వచ్చిన రోజే పారేసి ఉంటాం, ఎవరు వేస్తారు వాటిని. వెనకాల ఒకదానికి నీలం పెన్సిల్‌తో ‘మధ్య పేజీ, ఉగాది’ అని రాసి ఉంది. నాకది తెలుసు. మా సెలూన్‌లో అద్దం పక్కన చాలాకాలం ఉన్నది అదే.

చివరికి పెద్దాయన లేచి, సిల్క్ కవర్లలో కాదురా అని, ‘సీతాకోకచిలుక’ కవర్ తీశాడు. 1981 సినిమా. అందులో ఆవిడ శరత్‌బాబు భార్య, మామూలు ఇల్లాలు. దాంట్లోంచి ఒక్కటి దొరికింది, చిన్న సైజు, అంచు మడతపడింది. అది వేశాం. లోపలి పేజీకి మాత్రం మామూలు కవర్లోవే మూడు వేశారు, అమ్ముడుపోవాలి కదా. పక్కన నేను రాసిన వ్యాసంలో ‘పాపం’ అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో! ఆ సంచిక బాగా పోయిందన్నారు.

ఇక ఫోన్ సంగతి. 1997 వేసవి. ఒక వారం ఏదో ప్రకటన ఆఖరి నిమిషంలో రద్దయి, నా పేజీలో ఎనిమిది లైన్లు ఖాళీ పడింది. రాత్రి తొమ్మిదైంది, ప్రెస్సుకి పంపాలి, చేతిలో ఏమీ లేదు. అప్పటికప్పుడు కూర్చుని రాసేశాను. గోదావరి జిల్లా నుంచి వచ్చి రెండు సినిమాలు చేసిన ఓ కొత్త హీరోయిన్, అవకాశాల కోసం ఓ పెళ్లయిన నిర్మాతగారి గెస్ట్‌హౌస్‌కి మకాం మార్చిందట. తల్లి కూడా సరేనందట. ఎవరి గురించీ కాదు. ఎవరూ నా మనసులో లేరు. గోదావరి జిల్లా అని ఎందుకు రాశానంటే లైను నిండాలని.

మంగళవారం అనుకుంటా, ఆఫీసు ఫోన్ నేనే ఎత్తాను. ఒకావిడ. తిట్టలేదు, అరవలేదు. “బాబూ, ఆ గుసగుసలు రాసేది ఎవరండీ” అంది. నేనే చెప్పండి అన్నా. తన కూతురి పేరు చెప్పింది. అప్పుడు గుర్తొచ్చింది, అలాంటి అమ్మాయి ఒకరున్నారని, నిజంగానే రెండు సినిమాలు, నిజంగానే గోదావరి జిల్లా. “మేం యూసుఫ్‌గూడలో అద్దెకుంటున్నాం బాబూ, ఎక్కడికీ పోలేదు. అమ్మాయి షూటింగ్‌కి వెళ్తే నేను కూడా వెళ్తాను, టిఫిన్ కూడా నేనే పట్టుకెళ్తా. మీరు కావాలంటే వచ్చి చూడండి.” నాకు నోట మాట రాలేదు. ఆవిడే మళ్లీ, “చిన్నదాని సంగతి కాదండీ, దానికి ఇవన్నీ అలవాటే. మా పెద్దమ్మాయికి సంబంధం కుదిరేలా ఉంది, రాజమండ్రి వాళ్లు. వాళ్లింట్లో మీ పుస్తకం తెప్పిస్తారట. మా గురించి కాదని ఒక్క ముక్క వేస్తే...” అని ఆపేసింది.

ఆవిడ నోటి వెంట కూడా ‘తెప్పిస్తారట’.

నేను ఏం చెప్పాలి? అమ్మా, అది మీ అమ్మాయి గురించి కాదు, ఎవరి గురించీ కాదు, ఎనిమిది లైన్లు ఖాళీ పడితే నేను కల్పించాను అనా? ఆ మాట నోటిదాకా వచ్చింది, రాలేదు. సవరణ వేస్తామండీ అన్నాను. వెళ్లి ఎడిటర్‌కి చెప్తే ఆయన తల కూడా ఎత్తలేదు. “పేరు రాయలేదుగా? ఎవరిదని సవరణ వేస్తాం? వేస్తే అప్పుడు పేరు మనమే రాసినట్టవుద్ది.” దానికి నా దగ్గర జవాబు లేదు, ఆలోచిస్తే ఇప్పటికీ లేదు. పేరు రాస్తే ఒక్కళ్లకే తగులుతుంది. రాయకపోతే ఆ వయసు, ఆ జిల్లా, ఆ రెండు సినిమాలు ఎంతమందికి సరిపోతే అంతమందికీ తగులుతుంది. సెలూన్‌లో నలుగురూ నాలుగు పేర్లు చెప్పినప్పుడు నేను నవ్వుకున్నానే గానీ ఆ నాలుగిళ్లలో ఏమై ఉంటుందో నాకెప్పుడూ తట్టలేదు.

సవరణ రాలేదు. ఆవిడ మళ్లీ ఫోన్ చేయలేదు. ఆ పెళ్లి అయిందో లేదో కనుక్కునే ధైర్యం నాకు లేకపోయింది. ఆ అమ్మాయి ఇంకో సినిమా చేసినట్టుంది, తర్వాత కనపడలేదు. నేను ఉద్యోగం మానేశాను, కానీ దీనివల్ల అని చెప్పుకుంటే పాపం మూటగట్టుకున్నట్టే. బ్యాంకు పరీక్ష పాసయ్యాను, అందుకు మానేశాను. నాలుగు నెలలు అదే పేజీ రాసే వెళ్లాను. గోదావరి జిల్లా మాత్రం మళ్లీ రాయలేదు, అదీ ఒక ప్రాయశ్చిత్తమే అయితే.

తర్వాత కాలం మీ అందరికీ తెలిసిందే. 2018లో శ్రీదేవి దుబాయ్‌లో పోయినప్పుడు మన తెలుగు చానెల్ విలేకరి ఒకాయన బాత్‌టబ్‌లో పడుకుని మరీ చూపించాడు, ఎలా మునిగి ఉంటుందో. ఛీ అనుకుంటూనే రాత్రి ఒంటిగంట దాకా ఆ చానెల్ ఈ చానెల్ తిప్పుతూ కూర్చున్నది నేనే. 2023లో ఉగాది ముందు రోజు కోట శ్రీనివాసరావుగారు పోయారని సోషల్ మీడియాలో తిప్పేశారు, ఆయన ఇంటికి బందోబస్తుకి పోలీసులు కూడా వచ్చేశారు. పాపం ఆ పెద్దాయన కుర్చీలో కూర్చుని వీడియో తీయించుకుని నేను బతికే ఉన్నానయ్యా అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు యూట్యూబ్‌లో ‘అట’ కూడా లేదు. దాని బదులు ప్రశ్నార్థకం పెడతారు. ఫోటో చుట్టూ ఎర్ర గీత, పెద్ద అక్షరాల్లో పేరు, చివర ఒక్క ప్రశ్నార్థకం. మా పెద్దాయన చూస్తే ఏమనేవాడో, తెలివైనవాళ్లే అనేవాడేమో.

మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్తే, ఇల్లు సున్నాలు వేయిస్తున్నారని అటక మీది సామాను దించాం. అడుగున మా పత్రికలు ఉన్నాయి, నాన్న తాడు కట్టి దాచినవి. సెలూన్ బాబాయ్ కొట్టు ఎత్తేసేటప్పుడు ఇచ్చి పోయినవి కూడా అందులో కలిశాయి. ఒక్కొక్కటే దులుపుతూ ఆ 1997 వేసవి సంచిక కోసం చూశాను, దొరికింది. అమ్మ కాఫీ తెచ్చి, ఏంట్రా అంతలా వెతుకుతున్నావు అంది. ఏం లేదులే అన్నా.

ఆ పేజీ తీస్తే మధ్యలో పెద్ద కంత. మా చెల్లి అప్పట్లో నాగార్జున పిచ్చిలో ఉండేది, ఏ పుస్తకంలో ఆయన బొమ్మ కనపడినా కత్తెర పట్టుకునేది. నా పేజీ వెనక వైపున ఆయన నిలువెత్తు ఫోటో వేశారన్నమాట. భుజాల చుట్టూ, జుట్టు చుట్టూ ఎంతో జాగ్రత్తగా, వంకర లేకుండా కత్తిరించింది. దాంతోపాటు ఇవతలి వైపు నా ఎనిమిది లైన్లూ పోయాయి. గెస్ట్‌హౌస్ పోయింది, నిర్మాత పోయాడు, గోదావరి జిల్లా పోయింది. ఎడమ అంచున లైను మొదట్లో ‘ఓ కొత్త’ వరకు ఉంది. కుడి వైపు చివర ఒక్క ముక్క మిగిలింది, ‘సరేనందట’.